క్యూబా పేరు చూసి మోసపోకండి: సిగార్ ఎలా ఎంచుకోవాలి?

ఒకసారి టూర్‌కి వెళ్లినప్పుడు మా మావయ్య కోసం సిగార్లు కొన్నాను. బీచ్‌లో ఒకతను అద్దం మూత ఉన్న పెట్టె చూపించి, "ఒరిజినల్ క్యూబా, కోహిబా, సగం ధరకే" అన్నాడు. సంబరంగా తెచ్చి ఇచ్చాను. మావయ్య పెట్టె చూడగానే నవ్వేశారు. "ఒరేయ్, అసలు కోహిబా అద్దం మూత పెట్టెలో రాదురా!" అన్నారు. డబ్బులు పోయాయి, పరువూ పోయింది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు ఒక విషయం. సిగార్‌లో మూడు భాగాలుంటాయి. లోపల ఫిల్లర్, దాన్ని పట్టి ఉంచే బైండర్, పైన చుట్టే రాపర్. ఈ మూడూ ఒకే దేశానివి కానక్కర్లేదు.

క్యూబాలో పేరున్న నేల పినార్ దెల్ రియోలోని వుయెల్తా అబాహో. 1959 విప్లవం తర్వాత చాలామంది సిగార్ వ్యాపారులు దేశం వదిలి వెళ్లిపోయారు. 1962లో అమెరికా ఆంక్షలు పెట్టింది. దాంతో క్యూబా విత్తనం, ఆ పనితనం చుట్టుపక్కల దేశాల్లో కూడా వేళ్లూనుకున్నాయి. డొమినికన్ రిపబ్లిక్‌లోని సిబావో లోయ సిగార్లు ఎక్కువగా మెత్తగా, తేలిగ్గా ఉంటాయి. నికరాగ్వాలోని ఎస్తెలీది అగ్నిపర్వత నేల, అక్కడివి మిరియాల ఘాటుతో ఉంటాయి. మన గోదావరి లంక పొగాకు చుట్ట గురించి తెలిసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. నేల మారితే ఆకు మారుతుంది, అంతే.

ఇంకోటి, రంగు నల్లగా ఉంటే ఘాటు ఎక్కువ అనుకోకండి. ఘాటు ప్రధానంగా మొక్క పైభాగంలో కాసే లిహేరో ఆకు నుంచి వస్తుంది. నల్లటి మదూరో రాపర్ చాలాసార్లు కాస్త తియ్యగా ఉంటుంది.

కొనేటప్పుడు ఈ చివర నుంచి ఆ చివరదాకా వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ముడిలా తగిలితే పొగ సరిగా రాదు. ఒకచోట గుల్లగా ఉంటే వంకరగా కాలుతుంది. కరకరమంటే ఎండిపోయినట్టే. షాపువాళ్లు 65 నుంచి 70 శాతం తేమలో ఉంచుతున్నారా అని అడగండి. క్యూబా పెట్టె అయితే అడుగున "హెచో ఎన్ క్యూబా" ముద్ర చూడండి. అయితే ముద్రని కూడా నకిలీ చేస్తారు, అందుకే నమ్మకమైన షాపులోనే కొనండి.

చివరగా, నాణ్యమైన సిగార్ అంటే సేఫ్ సిగార్ అని కాదు. పొగ లోపలికి పీల్చకపోయినా నోరు, గొంతు క్యాన్సర్ ప్రమాదం ఉంటుంది. 18 ఏళ్ల లోపు వాళ్లకి అమ్మడం నేరం. అలవాటు లేనివాళ్లు మొదలుపెట్టకపోవడమే మంచిది. ఈ మాట చెప్పింది కూడా మా మావయ్యే. ఆయన ఇప్పుడు మానేశారు!