పెన్షన్ డబ్బులకు తగ్గ మంచి చాకు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మోకాళ్ళు వంగక మన ఇళ్ళల్లో కత్తిపీటలు అటకెక్కాయి. బల్ల మీదికి చాకు వచ్చింది. మొద్దు చాకును వణికే చేత్తో గట్టిగా నొక్కితే అది జారి వేలి మీదికే వస్తుంది. షుగరున్న వారికి ఆ గాయం ఓ పట్టాన మానదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మెరుపు చూసి కొనకండి. జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్ళండి. బ్లేడుకు అంటుకోకపోతే అది గిన్నెల స్టీలు, పదును నిలవదు. అంటుకుంటే సగం పరీక్ష నెగ్గినట్టే. ఇక పిడి. బ్లేడు ఇనుము పిడి చివరిదాకా ఉండాలి, రివెట్లు కదలకూడదు.

కమ్మరి పాత లారీ కమాను పట్టీతో కొట్టిచ్చే చాకు చవక. పదునూ బాగా నిలుస్తుంది. కాని తుప్పు పడుతుంది, అరటికాయ కోస్తే నల్లబడుతుంది. కడిగిన వెంటనే తుడిచి చుక్క నూనె రాయాలి. నాకదే ఇష్టం. మా ఆవిడ మాత్రం స్టెయిన్‌లెస్ చాకే కావాలంటుంది, ఆ ఓపిక నాకెక్కడిదని!

"జన్మలో సాన పట్టక్కర్లేదు" అనే దుకాణదారు మాట నమ్మకండి. సానరాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున నునుపు లేని అంచు మీద బ్లేడును ఏటవాలుగా, రెండు వైపులా నాలుగేసి సార్లు నెమ్మదిగా రాయండి. టమాటా నలగకుండా తెగుతుంది.