తాత్కాలిక కొలువు – నిరుద్యోగ భృతి హక్కు
(పౌర సమావేశ ప్రసంగ పాఠం)



హోసూరు సిప్కాట్ వాడలలోనూ, సరిహద్దుకు ఆవల అత్తిబెలె, బొమ్మసంద్రలలోనూ పనిచేసే తెలుగు కుటుంబాలకు ఈ పరిస్థితి కొత్త కాదు. స్థిరమైన కొలువు పోతుంది. నెల తిరగకముందే ఒక కాంట్రాక్టరు వచ్చి ఇరవై రోజుల పని ఉన్నదంటాడు. ఇంటి అద్దె, పిల్లల బడి ఫీజు ఎదుట నిలిచినప్పుడు కాదనడం కష్టం. అయితే ఆ ఇరవై రోజులు భృతి హక్కును ఏమి చేస్తాయో తెలియక కొందరు పనిని వదులుకుంటారు. కొందరు పనిని దాచిపెడతారు. రెండు దారులూ నష్టానికే చేరుస్తాయి.

కార్మిక రాజ్య బీమా సంస్థ, అనగా ఈ.ఎస్.ఐ., 2018 జూలై 1 నుండి అటల్ బీమిత వ్యక్తి కల్యాణ యోజనను అమలు చేస్తున్నది. తొలుత సగటు దిన ఆదాయంలో 25 శాతంగా ఉన్న భృతిని 2020 మార్చి 24 నుండి 50 శాతానికి పెంచారు. జీవితకాలంలో గరిష్ఠంగా 90 దినములకు ఇది లభిస్తుంది. సగటు దిన ఆదాయం 600 రూపాయలైన వ్యక్తికి దినమునకు 300 వంతున 90 దినములకు 27,000 రూపాయలు వస్తాయి.

భృతి రావాలంటే పని పోవడానికి ముందు రెండేళ్లు బీమా వర్తించే కొలువు చేసి ఉండాలి. ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుండి మార్చి వరకు ఒకటి చొప్పున సంవత్సరానికి రెండు చందా కాలాలు ఉంటాయి. నిరుద్యోగానికి వెంటనే ముందున్న చందా కాలంలో కనీసం 78 దినములకు చందా చెల్లి ఉండాలి; ఆ రెండేళ్లలోని మిగిలిన మూడు కాలాలలో ఏదో ఒకదానిలోనూ 78 దినములు ఉండాలి. పని పోయిన 30 దినముల తరువాత దరఖాస్తు చేయవచ్చు. దుష్ప్రవర్తనకు శిక్షగా తొలగింపబడినవారికి, పదవీ విరమణ లేదా స్వచ్ఛంద విరమణ చేసినవారికి ఇది వర్తించదు.

ఇక అసలు విషయం. భృతి పనిలేని దినములకే చెల్లుతుంది. నలభై దినములు ఖాళీగా ఉండి, నలభై ఒకటవ నాడు కొలువులో చేరిన వ్యక్తికి ఆ నలభై దినముల భృతి దక్కుతుంది. పై లెక్క ప్రకారం అది 12,000 రూపాయలు. కొత్త పని దొరికినంత మాత్రాన గడచిన దినముల హక్కు రద్దు కాదు. అయితే ఒకే కాలంలో ఇద్దరు యజమానుల వద్ద బీమాతో పనిచేసేవారు, ఇద్దరి వద్దా పని పోయినప్పుడే నిరుద్యోగులుగా పరిగణింపబడతారు.

తాత్కాలిక పనికి చందా చెల్లితే ఆ దినములు 78లో చేరతాయి. చందా లేకుండా చేతికి కూలి ఇచ్చే పని అయితే ఆ దినము నిరుద్యోగ దినమూ కాదు, చందా దినమూ కాదు. కార్మికుడు రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. కనుక పనిలో చేరేటప్పుడు కూలి ఎంత అని అడిగినట్లే, ఈ.ఎస్.ఐ. ఉన్నదా అని కూడా అడగవలెను.

జాప్యం వలన కలిగే కీడును కూడా గమనించవలెను. మే 31న స్థిర కొలువు పోయిన వ్యక్తి దరఖాస్తు చేయక ఊరుకుని, నవంబరు, డిసెంబరు నెలలలో తాత్కాలిక పని చేశాడనుకుందాం. ఆ పని ముగిశాక దరఖాస్తు చేస్తే, వెంటనే ముందున్న ఏప్రిల్–సెప్టెంబరు కాలంలో అతని చందా దినములు 61కి మించవు. అర్హత అక్కడే ఆగిపోతుంది. మొదటి కొలువు పోయినప్పుడే, అర్హతలన్నీ ఉన్న సమయంలో, దరఖాస్తు చేసి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు.

బీమా సంఖ్య ఒక్కటే. అది జీవితాంతం చెల్లుతుంది, రాష్ట్రం మారినా మారదు. కొత్త కాంట్రాక్టరు కొత్త సంఖ్య తీయబోతే పాతదానినే కొనసాగించమని కోరవలెను. లేనిచో రెండేళ్ల చరిత్ర రెండు ముక్కలవుతుంది. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారి చందాకూ ప్రధాన యజమాని బాధ్యుడే. జీతంలో కోసిన సొమ్ము జమ అయినదో లేదో ఉమంగ్ యాప్‌లో చూసుకోవచ్చు. మన కుటుంబాలలో ఒక పత్రంలో ఇంటిపేరు, మరొకదానిలో తండ్రి పేరు పొడి అక్షరం ఉండడం సాధారణం. ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో, బీమా నమోదులో పేరు ఒకేలా ఉండేట్లు ముందే సరిచేయించుకొనవలెను.

పనిచేసిన దినములను దాచి భృతి తీసుకొంటే ఆ సొమ్ము తిరిగి కట్టవలసి వస్తుంది. తప్పుడు ప్రకటన శిక్షార్హం కూడా. చేరిన తేదీ, మానిన తేదీ ఒక పుస్తకంలో రాసి ఉంచుకొన్నవారికి దాచవలసిన అవసరమే రాదు.

ఈ పథకం గడువు ఎప్పటికప్పుడు పొడిగింపబడుతూ వచ్చినది. కాబట్టి దరఖాస్తుకు ముందు దగ్గరి ఈ.ఎస్.ఐ. బ్రాంచి కార్యాలయంలో ప్రస్తుత నియమాలను విచారించవలెను. ఈ భృతి దానం కాదు. నెలనెలా జీతం నుండి కట్టిన చందాతో సంపాదించుకొన్న హక్కు. దానిని లెక్క తెలిసి, వేళ తప్పక, నిజం చెప్పి పొందుదురు గాక.