కులం గడి కొట్టేస్తే కులం లేనట్టేనా?

(కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



డమ్మీ అంటే మనకు డమ్మీ సర్పంచే గుర్తొస్తాడు. లెక్కల్లో డమ్మీ వేరు. దళిత కుటుంబమైతే 1, కాకపోతే 0. ఆ గుర్తుకు ఎదురుగా వచ్చే అంకెను ఒంటరిగా చదవొద్దు. సున్నా వేసినవాళ్లకూ ఒకటి వేసినవాళ్లకూ తేడా ఎంత అన్నదే దాని అర్థం.

పానెల్ లెక్క అంటే అవే కుటుంబాలను ఏటేటా అడిగి రాసుకోవడం. ఇది మనకు దూరపు సంగతేం కాదు. నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, డోకూరు గ్రామాల్లో ఇక్రిశాట్ వారు 1975 నుంచి ఊరికి 40 కుటుంబాల చొప్పున ఇట్లాగే రాశారు.

ఇట్లాంటి లెక్కను ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పద్ధతిలో చేస్తే ఏ ఇంటిని ఆ ఇంటితోనే పోలుస్తారు. ఉదాహరణకు అనుకుందాం. వాడలో ఒకింటికి రోజుకూలి నిరుడు 200, ఈ ఏడు 220. ఊళ్లో ఒకింటికి నిరుడు 300, ఈ ఏడు 320. నిరుటికి 0, ఈ ఏటికి 1 వేస్తే ఆ సంవత్సరం డమ్మీకి 20 వస్తుంది. నిరుటికంటే 20 పెరిగిందని అర్థం. బాగానే వుంది. మరి రెండిళ్ల మధ్య వున్న వంద రూపాయలు ఏమైనట్టు? ప్రతి ఇంటికీ విడివిడిగా వేసే సొంత అంకెలో కలిసిపోయాయి. కులం ఏటేటా మారేది కాదు. మారనిదాన్ని ఈ పద్ధతి వేరుచేసి చూపలేదు. అందుకే కంప్యూటర్ కులం గడిని కొట్టేస్తుంది.

అది చూసి "కుల ప్రభావం లేదని తేలింది" అని ఎవరన్నా రాస్తే ఒప్పుకోవద్దు. కొలవలేకపోవడం వేరు, లేకపోవడం వేరు!

మరి ఏమడగాలి? దళిత డమ్మీని సంవత్సరం డమ్మీతో గుణించి పెట్టమనండి. ఆ గడి నిలుస్తుంది. పై ఉదాహరణలో అక్కడ సున్నా వస్తుంది. తేడా పోయిందని కాదు, వంద వందగానే వుందని! వాడ ఇంటికి 210 దగ్గరే ఆగితే మైనస్ 10 వస్తుంది. అంటే తేడా ఇంకో పది పెరిగింది. ఆ వంద కూడా కనబడాలంటే కులాలవారీగా కూలి సగటులు వేరే పట్టికలో చూపమనండి.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. అంకెలు పెద్దోళ్ల సొత్తని మనకు చెబుతూ వచ్చారు. కాదు. రేపు ఏ నివేదిక చేతికొచ్చినా మూడే అడగండి: సున్నా ఎవరికి వేశారు? ఎవరిని ఎవరితో పోల్చారు? కొట్టేసిన గడి ఎవరిది?

జై భీమ్!