అద్దె బండి మీద మన మెట్ట

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభ, నందిగామ. ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలిచ్చి, "కరువు భత్యం సంగతి తప్ప ఏదైనా మాట్లాడండి" అన్నారు. ఆ సంగతి మాట్లాడేవారు నా తరువాత ముగ్గురున్నారట. నేను మా ఇంటావిడతో కలిసి అద్దె మోటారు సైకిలు మీద మన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం మూడు రోజులు తిరిగిన వైనం చెబుతాను. తప్పులు చేసిన చోట తప్పులే చెబుతాను. అవే మీకు ఎక్కువ పనికివస్తాయి.

నేను సాగర్ ఎడమ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశానని మీలో చాలామందికి తెలుసు. 2014 మే 31న రిటైరయ్యాను. జూన్ 2 నుంచి మన రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 60కి పెంచారు. రెండు రోజుల్లో రెండేళ్ళు పోయాయి. ఆ లెక్క తలచుకొని ఒకటి రెండేళ్ళు బాధపడ్డాను గాని, ఇప్పుడది మా ఇంట్లో హాస్యం.

తరువాత హైదరాబాదులో అబ్బాయి దగ్గరకు చేరాము. కిందటి సంక్రాంతికి మనవడు టీవీలో ఏదో కార్యక్రమం పెట్టాడు. కుర్రకారు గోవాలో మోటారు సైకిళ్ళు అద్దెకు తీసుకొని, కొబ్బరితోటల మధ్య, సముద్రం ఒడ్డున తిరుగుతున్నారు. బాగానే ఉందన్నాను. మా ఆవిడ చేతిలో చిక్కుడుకాయలు వలుస్తూ, తల ఎత్తకుండానే అంది: "గోవా ఎందుకండీ, వేదాద్రి చూపించండి చాలు. ఇరవై రెండేళ్ళు నందిగామలో కాపురం చేశాను. ఒక్కసారి తీసుకువెళ్ళారా?"

తీసుకువెళ్ళలేదు. కాలువకు నీరు వదిలిన నెలల్లో రాత్రీ పగలూ గట్టు మీదే. కట్టేసిన నెలల్లో మరమ్మతులు. నేను ఆ ఊళ్ళన్నీ నూరుసార్లు చూశాను, నా కళ్ళతోనే ఆమె కూడా చూసిందన్నట్లు ఉండిపోయాను. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

అబ్బాయి కారు మాట్లాడతానన్నాడు. కాలువ గట్ల మీదికి కారు పోదు. మరొక సంగతి కూడా ఉంది. నా లైసెన్సు గడువు ఆగస్టుతో ముగుస్తుంది. 55 దాటినవారికి ఐదేళ్ళకోసారి కొత్త చేస్తారు, దానికి డాక్టరు సంతకం పెట్టిన 1-ఎ ఫారం కావాలి. నా ఎడమ కంటికి శుక్లం ఆపరేషనయింది. కంటి డాక్టరు పగటిపూట నడపవచ్చుగాని రాత్రి వద్దన్నారు. ఇక మిగిలినవి ఆరు నెలలేనన్న ఊహ మనసులో ఉంది. అది అబ్బాయికి చెప్పలేదు.

మన తరానికి అద్దె బండి కొత్తదేమీ కాదు. పేటలో చదువుకునే రోజుల్లో గంట లెక్కన అద్దె సైకిలు ఎవరు తీసుకోలేదు? మడ్‌గార్డు మీద నెంబరు, కొట్టువాడి పుస్తకంలో మన పేరు, దాని పక్కన నాన్నగారి పేరు. నాన్నగారి పేరే డిపాజిట్టు. ఇప్పుడు ఆధారు కార్డు, అసలు లైసెన్సు, కొంత సొమ్ము. మోటారు సైకిళ్ళు అద్దెకివ్వడానికి కేంద్ర ప్రభుత్వం 1997లోనే ఒక పథకం తెచ్చింది. పద్ధతి ప్రకారం అద్దెకిచ్చే బండికి నల్ల పలక మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల పలక బండి ఎవరైనా చవకగా ఇస్తామంటే తీసుకోకండి. అది వారి సొంతానికి రిజిస్టరయిన బండి. ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు వస్తుంది.

ఫిబ్రవరి మొదటి వారంలో విజయవాడలో బస్సు దిగి, 125 సి.సి. బండి ఒకటి తీసుకొన్నాము. కొట్టులో కుర్రవాడు నా తెల్లజుట్టు చూసి, "బండి మీకేనా తాతగారూ? మనవడు రాలేదా?" అన్నాడు. "మనవడు టీవీ చూస్తున్నాడు, బండి నాకే" అన్నాను. అక్కడే మొదటి తప్పు జరిగింది. బండి చుట్టూ తిరిగి గీతలు, సొట్టలు ఫోనులో ఫొటో తీసుకోలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు సైలెన్సరు మీది పాత సొట్టకు కూడా నా దగ్గరే పట్టుకొన్నారు. కాదనడానికి ఆధారం లేదు. ఆ కొట్టు పేరు అనవసరం, ఫొటో తీసుకోవడం అవసరం.

రెండో తప్పు అలవాటుది. నేను ముప్పై ఏళ్ళు స్కూటరు నడిపినవాణ్ణి. గేరు ఎడమ చేతిలో ఉండేది. మోటారు సైకిలుకు అది కాలి కింద. భవానీపురం దాటేదాకా ఎడమ చెయ్యి ఊరికే మెలితిప్పుతూనే ఉన్నాను. "చెయ్యి నొప్పా?" అని వెనకనుంచి ప్రశ్న. స్త్రీలకు ఒక మాట: చీర కుచ్చిళ్ళు, కొంగు బాగా దోపుకొని, చక్రానికి అడ్డుగా చీర గార్డు ఉన్నదో లేదో చూసుకొని ఎక్కండి. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి. ముడి మీద హెల్మెట్ పట్టదని మా ఆవిడ జడ వేసుకొంది. పదేళ్ళు తగ్గినట్లనిపించింది గాని ఆ మాట అప్పుడు అనలేదు, ఇప్పుడంటున్నాను.

హైవే మీద తెల్లవారి ఆరున్నరకు బయలుదేరి, ఎండ ఎక్కకముందే ఇబ్రహీంపట్నం, పరిటాల, కంచికచర్ల, కీసర దాటి నందిగామ చేరాము. యాభై కిలోమీటర్లకు రెండు గంటలు. లారీలు గాలి విసిరి పోతుంటే బండి పక్కకు ఊగుతుంది. నలభైకి మించి పోలేదు. ఐతవరం దగ్గర ఆపి ఆమెకు చూపించాను. 2023 జూలైలో మునేరు వరద ఈ రోడ్డు మీదికే వచ్చి హైదరాబాదు రాకపోకలు ఆగిపోయిన చోటు అది. 2024 సెప్టెంబరులో మళ్ళీ వచ్చింది. ఆ సారి గరికపాడు దగ్గర పాలేరు వంతెన కూడా దెబ్బతింది. ఫిబ్రవరిలో ఆ మునేరు ఇసుకలో ఒక పాయగా, దూడలు దాటేటంత నీటితో పోతోంది. ఆ నీరేనా ఈ పని చేసిందని ఆమె నమ్మలేదు.

నందిగామ నుంచి పేట వైపు పోతూ కుడికి తిరిగితే పెనుగంచిప్రోలు. మాఘ పౌర్ణమి తిరునాళ్ళకు పందిళ్ళు వేస్తున్నారు. తిరుపతమ్మ తల్లి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. రెండేళ్ళకోసారి అమ్మవారి విగ్రహాలు రంగులకు జగ్గయ్యపేట వెళ్ళివస్తాయి కదా. ఎడ్లబళ్ళ మీద జనం పోయే ఆ దారిలోనే మేము బండి మీద పోయాము. దారికి రెండు వైపులా మిరప కల్లాలు. ఎర్రగా, కంటికి ఆనినంత మేర. ఆ పక్కన తీయగా మిగిలిన పత్తి తెల్లగా. మామిడి పూత వాసన, మిరప ఘాటు కలిసి వస్తుంటే ఇద్దరమూ ఒకేసారి తుమ్మాము. బండి మీద ప్రయాణమంటే ఇదీ. కారు అద్దంలోనుంచి ఎరుపు కనబడుతుంది, ఘాటు తగలదు.

ఆ మధ్యాహ్నం నా పాత తూము ఒకటి చూడటానికి గట్టెక్కాము. ఊరు పేరు చెప్పను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు సాగర్ కాలువలకు నీరు వదిలారు. నల్గొండ మొదటి జోను, ఖమ్మం రెండు, మనది మూడు. చివరి భూములు మనవి. నేనున్న రోజుల్లోనూ చివరి తూముకు నీరు చేర్చడమంటే పైవాళ్ళతో రోజూ తగవే. 2014 తరువాత పై రెండు జోనులూ చాలావరకు వేరే రాష్ట్రమయ్యాయి. మేము వెళ్ళిన రోజున ఆ తూములో చుక్క లేదు. షట్టరుకు తుప్పు. గట్టు మీద మేకలు కాస్తున్న పెద్దాయన నన్ను పోల్చుకొని, "కాలవ బాబు గదూ! బండేసుకొని వొచ్చావు, నీళ్ళేవి బాబూ?" అన్నాడు. పదకొండేళ్ళ కిందట రిటైరయ్యానని చెప్పాను. "నువ్వు రిటైరయితే కాలవ కూడా రిటైరవుద్దా?" అన్నాడు. మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ షట్టరుకు గ్రీజు పెట్టిన చేతులివి.

రెండవ రోజు పేట. ఈ ఊరికి పాతపేరు బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు తండ్రి జగ్గయ్యగారి పేరు పెట్టారు. ధనంబోడు గుట్ట మీది స్తూపాన్ని 1882లో బర్జెస్ దొర తవ్వించాడు. అక్కడి చలువరాళ్ళు చాలావరకు మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి, మాంధాత చక్రవర్తి బొమ్మ చెక్కిన పలకతో సహా. మన ఊరి రాయి చూడటానికి మనం మద్రాసు పోవాలి. గుట్ట మీద మిగిలిన ఇటుకల వలయం దగ్గర కూర్చొని, ఆమెకు సిద్ధార్థుడి కథ చెప్పాను. బుద్ధుడు కాదు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యవ ఏట, అంటే మూడవ శతాబ్దంలో, సిద్ధార్థుడనే పనివాడు ఇక్కడి మహాచైత్యానికి ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. శాసనంలో ఈ చోటి పేరు వేలగిరి. అతడు రాజు కాడు, మంత్రి కాడు. చేతిపని చేసుకొనేవాడు. శాసనంలో తల్లిని, భార్యను, పిల్లలను, సోదరుణ్ణి, అతని కుటుంబాన్ని పేరు పేరునా తనతో కలుపుకొన్నాడు.

"భార్య పేరు కూడా చెక్కించాడా?" అని అడిగింది మా ఆవిడ. చెక్కించాడన్నాను. మరేమీ అనలేదు. కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు.

మూడవ రోజు చిల్లకల్లు దగ్గర ఎడమకు తిరిగి వేదాద్రి. కొండ, కొండను ఒరుసుకొని కృష్ణ. జ్వాలా నరసింహుడు కొండ మీద, సాలగ్రామ నరసింహుడు ఏటిలో, యోగానంద, లక్ష్మీ, వీర నరసింహులు కలిపి ఐదుగురు. ఆమె మెట్లు దిగి, పాదాలు నీళ్ళలో పెట్టుకొని గంటసేపు కూర్చొంది. నేను బండి దగ్గరే ఉన్నాను. తొందరపెట్టలేదు. మా కాపురంలో నేను తొందరపెట్టని గంట అదేనేమో.

అక్కడినుంచి ముక్త్యాల పోతూ పడ్డాము. దాచడం దేనికి? మలుపులో కంకర, ముందు బ్రేకు నొక్కాను. వేగం పదిహేనో ఇరవయ్యో ఉంటుంది. బండి నెమ్మదిగా ఒరిగింది. ఆమె మోచేతి చర్మం లేచింది, నా మోకాలు వాచింది. హెల్మెట్ నేలకు తగిలిన చప్పుడు నాకింకా వినబడుతుంది. కంకర మీద ముందు బ్రేకు ముట్టుకోకూడదని తెలిసినవాణ్ణే. పక్క కల్లంలో మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి బండి లేపారు, నీళ్ళిచ్చారు. కారం చేతులని వాళ్ళు గాయం ముట్టుకోలేదు. ఒకామె, "ఈ వయసులో బండెందుకయ్యా, పెద్దమ్మను చంపుతావా?" అని గట్టిగా కేకలేసింది. ఆ మాట న్యాయమైనదే. మా ఆవిడ మాత్రం ఆమెతో, "నేనే తీసుకురమ్మన్నానమ్మా" అంది.

ముక్త్యాలలో కోట దగ్గర టీ తాగాము. నాగార్జునసాగర్ ప్రాజెక్టు కోసం పట్టుబట్టి పాటుపడిన ముక్త్యాల రాజాగారిది ఆ కోట. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆయన పాటుపడకపోతే నాకు ఉద్యోగమెక్కడిది అంటే, "అయితే నేనీ పాటికి వేదాద్రి ఎప్పుడో చూసుండేదాన్ని" అంది మా ఆవిడ. మోచేతికి కట్టు చూసి అబ్బాయి అడిగితే మెట్ల మీద జారానని చెప్పింది. ఈ ప్రత్యేక సంచిక వాడి చేతిలో పడితే నిజం తెలుస్తుంది. పడనివ్వండి.

ఆగస్టులో డాక్టరు దగ్గరకు పోయాను. కుడి కంటిలో కూడా చూపు తగ్గిందని, 1-ఎ ఫారం మీద సంతకం పెట్టనన్నారు. బతిమాలలేదు. లైసెన్సు కార్డు డిపాజిట్టు రసీదుతో కలిపి బీరువాలో పెట్టాను.

మాకింకా తిరుమలగిరి మిగిలిపోయింది. రేపు ఉదయం ఏడింటికి ఇక్కడి బస్టాండు దగ్గరనుంచి ఆటో మాట్లాడుకొన్నాము. అందులో రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. రాదలచిన దంపతులు సభ అయ్యాక నాకు చెప్పండి.