దూరాన ఉన్న ఇంటి కంప్యూటరు



ఇంటిలో లినక్సు కంప్యూటరు ఉన్నది. దాని యజమాని వేరొక ఊరిలో ఉన్నాడు. అక్కడినుండియే ఇంటి తెరను చూచి పని చేసుకొనదలచినాడు. ఈ సదుపాయమునకు రిమోట్ డెస్క్‌టాప్ అని పేరు. నిన్నటివరకు సవ్యంగా సాగినది. నేడు తెర రాలేదు. ఇట్టి సమయాన చాలమంది పాస్‌వర్డు మార్చి మార్చి చూస్తారు. వాకిటికే చేరనివానికి తాళపుచెవితో పని యేమి?

ముందుగా గమనించవలసినది యంత్రము ఇచ్చిన జవాబు. అడిగిన మరుక్షణమే ‘నిరాకరించబడినది’ అని వచ్చినచో, మన కబురు అవతలికి చేరినదన్నమాట; సాధారణంగా అక్కడ ఆ పోర్టు వద్ద వినేవారు లేరు. అనగా సేవ ఆగిపోయినది. ఎంతసేపు చూచినా జవాబు రాక, చివరకు ‘గడువు ముగిసినది’ అని వచ్చినచో కథ వేరు. యంత్రము నిద్రించి ఉండవచ్చును, చిరునామా మారి ఉండవచ్చును, లేక ఫైర్‌వాల్ మన కబురును చప్పుడు లేకుండా మింగి ఉండవచ్చును. ఈ రెండు జవాబుల భేదము తెలిసినవానికి సగము శ్రమ తప్పును.

ఒకసారి మా అమ్మగారి వైద్యపు కాగితాలు ఇంటి కంప్యూటరులో ఉండిపోయినవి. నేను పొరుగూరి ఆసుపత్రిలో ఉన్నాను. వైద్యులు పాత పరీక్షల వివరాలు అడుగుతున్నారు. నేనును గంటసేపు పాస్‌వర్డులతోనే కుస్తీ పట్టితిని. తుదకు ఫోను చేసి, “నాన్నగారూ, ఆ పెట్టె మీది దీపము ఎట్లున్నది?” అని అడిగితిని. “మినుకుమినుకుమంటున్నదిరా” అన్నారు. యంత్రము నిద్రలో ఉన్నది! ఆయన ఒక మీట నొక్కగానే తెర వచ్చినది. కొంతసేపు ఎవరును తాకకపోయిన యెడల నిద్రించే ఏర్పాటు అనేక లినక్సులలో ఉన్నది. ఊరికి వెళ్లే ముందే దానిని మాన్పించవలెను.

ఇక చిరునామా సంగతి. 192.168 తో మొదలయ్యే అంకెలు ఇంటి లోపల మాత్రమే చెల్లును. రౌటరు వాటిని పంచుతుంది గనుక ఒకొక్కప్పుడు మారును; మన కంప్యూటరునకు ఒకే అంకెను రౌటరులోనే కేటాయించుట మేలు. బయటనుండి రావలెనన్న మరొక చిక్కు ఉన్నది. కొన్ని ఇంటర్‌నెట్ సంస్థలు అనేక గృహాలను ఒకే బహిరంగ చిరునామా వెనుక ఉంచుతాయి. ఇందుకై 2012 లో 100.64 నుండి 100.127 వరకు గల అంకెలను ప్రత్యేకించినారు. మీ రౌటరు వెలుపలి చిరునామా ఆ వరుసలో ఉన్నచో, రౌటరులో ఎన్ని పోర్టులు తెరిచినను ప్రయోజనము లేదు. ఇంటి యంత్రమే ముందుగా బయటి సర్వరును పలుకరించే వి.పి.ఎన్‌. ఏర్పాటు కావలెను.

పాస్‌వర్డు అంగీకరించబడి, నల్లని తెర వచ్చి, వెంటనే మాయమగుట అన్నిటికన్న తికమక పెట్టును. ఎక్స్‌ఆర్‌డీపీ వాడేవారిలో ఇది తరచు జరుగును. అదే పేరుతో ఇంటిలో ఇదివరకే లాగిన్ అయి ఉండుట ముఖ్యకారణము. అక్కడ లాగౌట్ చేయించిన యెడల సాధారణంగా సరిపోవును. 2022 నాటి ఉబుంటు 22.04 లో మరొక విచిత్రము: యంత్రము తనంతట తాను లాగిన్ అయ్యేటట్లు పెట్టినచో, రిమోట్ పాస్‌వర్డు దాచిన పెట్టె తాళము తెరుచుకొనదు, అందుచేత సరియైన పాస్‌వర్డు కూడ చెల్లదు.

రిమోట్ డెస్క్‌టాప్‌నకు సాధారణముగా 3389, వి.ఎన్‌.సి.కి 5900 పోర్టు. వీటిని నేరుగా లోకమునకు తెరుచుటను నేను ఒప్పుకొనను. తలుపు తట్టి చూచే దొంగ యంత్రాలు రాత్రింబగళ్లు తిరుగుతున్నవి. పైగా పాతపద్ధతి వి.ఎన్‌.సి. పాస్‌వర్డులో మొదటి 8 అక్షరాలే లెక్కకు వచ్చును. ఎస్‌.ఎస్‌.హెచ్‌. సొరంగము ద్వారా వెళ్లుట క్షేమము. తెర రాకున్నను, ఆ మార్గాన లోపలికి వెళ్లి సేవను తిరిగి నడిపించవచ్చును.

దూరమునుండి ఫైర్‌వాల్‌ను సవరించేవారు 22వ పోర్టునకు అనుమతి ఇచ్చిన పిదపనే దానిని ప్రారంభించవలెను. ఉన్న కిటికీని మూయక, రెండవ కిటికీలో క్రొత్తగా లోపలికి వెళ్లి చూడండి. అది పనిచేసినదాకా మొదటిదానిని తాకవద్దు.