రోగికి గడ్డం గీయడానికి సబ్బా, క్రీమా?
(వార్డులో రోగుల సహాయకులకు చేసిన ప్రసంగం)

భోజనాలు అయ్యాయి, మందుల ట్రాలీ రావడానికి ఇంకా అరగంట ఉంది. ఈ అరగంట మీతో మాట్లాడమని మా సూపరింటెండెంటుగారు నన్ను పంపారు. బీపీ గురించో, షుగరు గురించో చెబుతాననుకుని ఉంటారు. అవి డాక్టరుగారు చెబుతారు. నేను చెప్పబోయేది గడ్డం గీయడం గురించి.

నవ్వకండి. ఒకసారి ఈ గదిలో చుట్టూ చూడండి. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. భార్యలు, కూతుళ్ళు, కోడళ్ళు, తల్లులు. మంచం మీద ఉన్న మనిషికి వారం పది రోజుల గడ్డం పెరిగి దురద పెడుతుంటుంది. జావ తాగిస్తే అందులో అంటుకుంటుంది. చూడటానికి వచ్చిన చుట్టాలు "అయ్యో, ఎంత చిక్కిపోయాడో" అంటారు. ఆ చిక్కిపోవడంలో సగం గడ్డానిదే. గీద్దామా అంటే మీలో చాలామంది ఏనాడూ రేజరు పట్టినవాళ్ళు కారు. పోయిన వారం ఒకావిడ నన్ను వరండాలో ఆపి, "సిస్టరుగారూ, షాపులో సబ్బు ఉంది, క్రీము ఉంది. మా ఆయనకు ఏది కొనమంటారు?" అని అడిగింది. ఈ మాటలన్నీ ఆవిడ ప్రశ్నలోంచి వచ్చినవే.

జవాబు ముందే చెప్పేస్తాను. ఆరోగ్యంగా ఉండి, తన గడ్డం తాను గీసుకునే మనిషికి సబ్బయినా క్రీమయినా ఒకటే, ఏది అలవాటైతే అది. మంచం మీద ఉన్న రోగికి మాత్రం ట్యూబులో వచ్చే క్రీమే నయం. స్నానం సబ్బు మాత్రం ఇద్దరికీ వద్దు. ఈ మూడో మాట నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు, మా నాన్నగారి మీద ప్రయోగం చేసి నేర్చుకున్నది.

నాన్నగారికి గుండె కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర రోజూ వేసుకోవాలి. ఇంటికి వచ్చాక చేతులు వణుకుతున్నాయని, ఒకరోజు నేనే గడ్డం గీస్తానన్నాను. అప్పటికే నేను పదిహేనేళ్ళ నర్సును. ఆయనకు అల్యూమినియం గిన్నెలో షేవింగ్ సబ్బు, బ్రష్షు ఉండేవి. వాటిని వెతికే ఓపిక లేక బాత్రూములోంచి స్నానం సబ్బు తెచ్చి, చేత్తో రుద్ది, ఆ నురుగు పూశాను. కుడి దవడ పూర్తయ్యేసరికి ఎడమ దవడ మీది నురుగు ఆరిపోయింది. ఆరిన చర్మం మీదే బ్లేడు లాగాను. కింది పెదవి కింద తెగింది. చిన్న గీతే, ఆవగింజంత. ఇరవై నిమిషాలు రక్తం ఆగలేదు. నేను దూది నొక్కిపట్టుకుని కూర్చుంటే ఆయన, "అమ్మాయీ, సూది వేయడం వచ్చినంత మాత్రాన గడ్డం గీయడం వచ్చేస్తుందా?" అన్నారు.

ఆ నురుగు ఎందుకు ఆరిపోయిందో చెబుతాను. సబ్బు అంటే కొవ్వును గానీ నూనెను గానీ క్షారంతో ఉడికిస్తే వచ్చేది. స్నానం సబ్బులో మామూలుగా సోడా క్షారం వాడతారు, అందుకే అది గట్టిగా ఉంటుంది. పొటాష్ క్షారం వాడితే సబ్బు మెత్తగా వస్తుంది, నీళ్ళలో ఇట్టే కరుగుతుంది. షేవింగ్ సబ్బుకు రెండు క్షారాలూ కలుపుతారు. నురుగు వచ్చే క్రీములో పొటాష్ సబ్బు పాలు, నీళ్ళ పాలు ఎక్కువ. రెండింటిలోనూ స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం దండిగా వేస్తారు. దానివల్ల నురుగు చిక్కగా, సన్నటి బుడగలతో వచ్చి చాలాసేపు నిలుస్తుంది. గ్లిజరిన్ తడిని పట్టి ఉంచుతుంది. స్నానం సబ్బు పని మురికిని వదిలించి కడుక్కుపోవడం, నిలిచి ఉండటం కాదు. కాబట్టి సబ్బు గొప్పదా, క్రీము గొప్పదా అని పోట్లాడుకునే మగవాళ్ళకు నేను చెప్పేదొకటే, రెండూ ఒక తల్లి పిల్లలే. ఒకటి గట్టిగా ఉంది, ఒకటి మెత్తగా ఉంది.

ఇంకో సంగతి. నురుగు కంటే నీళ్ళు ముఖ్యం. గడ్డం వెంట్రుక ఎండినప్పుడు మొండిగా ఉంటుంది. రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో నానితే మెత్తబడి తేలిగ్గా తెగుతుంది. నురుగు చేసే పని ఆ తడిని ఆరిపోకుండా కాపాడటం, బ్లేడు జారేలా చేయడం. అరవై రూపాయల క్రీమయినా, రెండొందల క్రీమయినా పొడి గడ్డం మీద పూస్తే డబ్బు దండగ.

మీలో బోరు నీళ్ళు వాడే ఊళ్ళవాళ్ళు ఉంటారు. పప్పు ఉడకని నీళ్ళు, గిన్నెలకు తెల్లటి పొర కట్టే నీళ్ళు. అటువంటి నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి, నురుగు రాదు. క్రీముకూ ఆ ఇబ్బంది ఉంది. నురుగు రాలేదని ఇంకా ఇంకా రుద్దకండి. తాగే నీళ్ళు ఒక గ్లాసు వెచ్చచేసి వాడండి. ఒక గడ్డానికి ఒక గ్లాసు చాలు.

ఇక రోగికి క్రీమే ఎందుకన్నానో వినండి. షేవింగ్ సబ్బుకు గిన్నె కావాలి, బ్రష్షు కావాలి, బ్రష్షు తిప్పి నురుగు తీసే నేర్పు కావాలి. వాడాక గిన్నెలో మిగిలిన సబ్బు మంచం పక్క బల్ల మీద తడితడిగా రోజంతా ఉంటుంది. దాని పక్కనే బత్తాయి తొక్కలు, ఫ్లాస్కు, మందుల కవరు. బ్రష్షూ ఆరదు. ట్యూబుకు ఆ గొడవ లేదు. బాదంగింజంత తీసుకుని, కడిగిన వేళ్ళతో తడి గడ్డం మీద గుండ్రంగా రుద్దితే చాలు, మూత పెట్టేస్తే అయిపోయింది. బ్రష్షు లేకుండా వాడే క్రీములు కూడా వేరే ఉన్నాయి. వాటికి నురుగు రాదు, తెల్లగా వెన్నలా అంటుకుంటాయి. మెడ కదపలేని వారికి అవి బాగుంటాయి గానీ బ్లేడు సందుల్లో పేరుకుపోతాయి, ప్రతి గీతకూ కడగాలి.

బ్రష్షు అన్నాను గనుక ఒక పాత సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ కొందరు సైనికులకు, మామూలు జనానికి కూడా ఆంత్రాక్స్ జబ్బు వచ్చింది. సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకలతో చేసిన షేవింగ్ బ్రష్షుల వల్ల వచ్చిందని తేల్చారు. ఇప్పుడు ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. ఇంట్లో బ్రష్షు వాడేవాళ్ళు బాగా కడిగి, విదిలించి, గాలి తగిలేచోట కుచ్చు కిందికి ఉండేలా ఆరబెట్టండి. ఒకరి బ్రష్షు ఇంకొకరు వాడకండి, అంతే.

క్రీము కొనేటప్పుడు డబ్బా మీది బొమ్మ చూడకండి. చల్లగా అనిపించడానికి కొన్నిటిలో మెంథాల్ కలుపుతారు, సువాసన కోసం ఏవేవో వేస్తారు. చర్మం పలచబడిన ముసలివారికి, ఎగ్జిమా ఉన్నవారికి అవి మంట పెట్టవచ్చు. వాసన తక్కువ ఉన్నది అడిగి తీసుకోండి. కొత్త క్రీమైతే ముందురోజు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి కడిగి చూడండి. దద్దురు రాకపోతే మర్నాడు ముఖానికి వాడండి.

రేజరు సంగతి ఇంతకంటే ముఖ్యం. పక్క మంచం ఆయన రేజరు అడిగి తెచ్చుకోవడం మన వార్డులో నేను కళ్ళారా చూశాను. "ఒక్కసారికేగా సిస్టరుగారూ, కడిగేశాం" అన్నారు. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. రక్తం మరక కంటికి కనబడాలని కూడా లేదు. హెపటైటిస్-సి కూడా రేజరు ద్వారా రావచ్చు. బి రకానికి టీకా ఉంది, సి రకానికి లేదు. నీళ్ళతో కడిగితే పోయేవి కావు ఇవి. తండ్రిది కొడుకు వాడటం, అన్నది తమ్ముడు వాడటం కూడా వద్దు. సెలూన్‌కు వెళ్ళినా, సెలూన్ ఆయనను వార్డుకు పిలిచినా కొత్త బ్లేడు మీ ఎదుటే కాగితం విప్పమనండి. ఆయన ఏమీ అనుకోరు. అందరికీ రుద్దే పటికముక్క కూడా వద్దనండి. పటిక మంచిదే, చిన్న గాటుకు రక్తం ఆపుతుంది, కానీ ఎవరి పటిక వారికే ఉండాలి.

కొందరికి మా నర్సులను అడగకుండా గడ్డం గీయకూడదు. నాన్నగారిలాగా రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు, డెంగీ వల్లో క్యాన్సరు మందుల వల్లో ప్లేట్‌లెట్లు తగ్గినవారు మొదటివారు. ప్లేట్‌లెట్లు బాగా తగ్గితే బ్లేడే వద్దు, బ్యాటరీ ట్రిమ్మరుతో పైపైన తీస్తే చాలు, లేదా కొన్నాళ్ళు వదిలేయవచ్చు. మెడకు సూది గొట్టం పెట్టినవారికి ఆ చుట్టుపక్కల మీరు ముట్టుకోవద్దు. ముక్కులో గొట్టం ఉంటే దాని ప్లాస్టరు తడపకండి, ఊడదీయకండి.

ఆక్సిజన్ పెట్టినవారి సంగతి మరీ జాగ్రత్త. ఆక్సిజన్ పోతున్నప్పుడు నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. ట్రిమ్మరు, కరెంటు రేజరు అప్పుడు వాడకండి. డబ్బాలోంచి బుస్సుమని వచ్చే నురుగులో మండే వాయువు ఉంటుంది, స్పిరిట్ కలిసిన ఆఫ్టర్‌షేవ్ కూడా మండేదే, అవి మంచం దగ్గరికే తేవద్దు. గీశాక మృదువుగా ఉంటుందని నూనె, వాజలైన్ రాయవద్దు. గడ్డం ఎప్పుడు గీయవచ్చో మమ్మల్ని అడగండి. గీయడం కోసం మీ అంతట మీరు ఆక్సిజన్ గొట్టం తీయకండి.

ఇక గీసే పద్ధతి. ముందు రోగిని అడగండి. మాట రాని పక్షవాతం రోగినైనా అడగండి, కళ్ళతో జవాబు చెబుతారు. మొక్కు ఉండి గడ్డం పెంచేవారు ఉంటారు, మతం ప్రకారం గడ్డం తీయనివారు ఉంటారు, మంగళవారం వద్దనేవారు ఉంటారు. బుధవారం దాకా ఆగితే వచ్చే నష్టం లేదు. ఒప్పుకుంటే తల వైపు మంచం ఎత్తండి, మెడ కింద తువ్వాలు వేయండి. పది రోజుల గడ్డమైతే ముందు కత్తెరతో కురచ చేయండి. గోరువెచ్చని నీళ్ళలో పిండిన గుడ్డ మూడు నిమిషాలు గడ్డం మీద ఉంచండి. ముందు మీ ముంజేతి మీద వేడి చూసుకోండి, పక్షవాతం వచ్చిన వైపు చర్మానికి వేడి తెలియకపోవచ్చు. తర్వాత క్రీము. నురుగు పెదవుల లోపలికి పోనివ్వకండి, మింగడం సరిగా రానివారికి అది ప్రమాదం.

ఒక చేత్తో చర్మం సాగదీసి పట్టుకోండి. ముసలివారి దవడలు ముడతలు పడి ఉంటాయి, ఆ ముడతల్లోనే తెగేది. వెంట్రుక ఏ వైపు వాలి ఉందో ఆ వాలునే, అంగుళమంత చిన్న గీతలు. మెడ దగ్గర వాలు మారుతుంది, వేలితో తడిమి చూసుకోండి. రేజరును అదమవద్దు, దాని బరువే చాలు. ఎదురు గీస్తే నున్నగా వస్తుంది, నిజమే. కానీ వెంట్రుక చర్మంలోపల తెగి, మళ్ళీ మొలిచేటప్పుడు లోపలికే వంగి పొక్కులు కట్టవచ్చు. షుగరు ఉన్నవారికి ఆ పొక్కులు చీము పడితే పెద్ద పని. కొంచెం గరుకుగా మిగిలితే మిగలనివ్వండి, పెళ్ళికి తీసుకెళ్ళడం లేదుగా. నురుగు ఆరినట్టనిపిస్తే ఆగి, మళ్ళీ తడిచేసి పూయండి. చివర్న కడిగి, రుద్దకుండా అద్దండి.

తెగితే కంగారు పడకండి. శుభ్రమైన గాజుగుడ్డతో అయిదు నిమిషాలు నొక్కిపట్టండి. ఆగిందో లేదో అని మధ్యమధ్య తీసి చూడకండి, తీసిన ప్రతిసారీ మొదటికొస్తుంది. పది నిమిషాలకూ ఆగకపోతే పిలవండి.

బ్లేడు మంచం కింది చెత్తబుట్టలో వేయకండి. పొద్దున ఆ బుట్ట చేత్తో ఎత్తేది మన ఆయమ్మ. మా డెస్కు దగ్గర సూదులు వేసే గట్టి డబ్బా ఉంది, మాకు తెచ్చివ్వండి.

ఒకటి మరిచిపోయాను. ఆపరేషనుకు ముందురోజు కడుపు మీదో, కాలు మీదో వెంట్రుకలు శుభ్రం చేస్తే డాక్టరుగారు మెచ్చుకుంటారని ఇంట్లోనే బ్లేడుతో గీసుకుని వస్తున్నారు. అలా చేయకండి. బ్లేడు చేసే కంటికి కనబడని గాట్లలో క్రిములు చేరి, ఆపరేషను గాయం చీము పట్టే అవకాశం పెరుగుతుంది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆపరేషను చోట బ్లేడు వాడవద్దనే చెప్పింది. తీయక తప్పకపోతే ఇక్కడ క్లిప్పరుతో మేమే తీస్తాం. దానికి సబ్బూ అక్కర్లేదు, క్రీమూ అక్కర్లేదు.

ట్రాలీ చప్పుడు వినబడుతోంది. రేపు పొద్దున పది గంటలకు, డాక్టరుగారి రౌండ్లు అయ్యాక, చివరి మంచం తాతగారికి వారి కోడలు గడ్డం గీస్తుంది, నేను పక్కనుండి చెబుతాను. తాతగారు ఒప్పుకున్నారు. నేర్చుకోవాలనుకునేవాళ్ళు వచ్చి చూడవచ్చు. ఆ తర్వాత మీ వాళ్ళకు గీస్తామంటే సాయం చేస్తాను. ఎవరి రేజరు వారే తెచ్చుకోండి.