ముక్కలు కూర్చి చేసే పందెం కారు



ఆడికృత్తిక వచ్చిందంటే తిరుత్తణి కొండకింది వీధులు కావళ్ళతోనూ జనంతోనూ నిండిపోతాయి. దర్శనం ముగించుకొని మెట్లు దిగివచ్చే పిల్లల చూపు మొదట పడేది బొమ్మల అంగళ్ళ మీదే. అమావాస్యనాడు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడి దగ్గరా ఇదే వరస. ఆ అంగళ్ళలో కార్లకు కొదవ ఉండదు. తాడు కట్టి లాగేవి కొన్ని, కీ తిప్పి వదిలేవి కొన్ని, వెనక్కి లాగి వదిలితే ముందుకు ఉరికేవి మరికొన్ని. ఇప్పుడు పట్నపు దుకాణాల్లో మరో రకం కారు దొరుకుతోంది. దాని పెట్టె మీద పందెం కారు బొమ్మ ఉంటుంది. పెట్టె తెరిస్తే మాత్రం కారు కనబడదు. చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు, నాలుగు చక్రాలు, ఒక పలుచని పుస్తకం, అంతే. "డబ్బులు పోసి కారు కొనడమూ మనమే, దాన్ని చేసుకోవడమూ మనమేనా?" అని పెద్దవాళ్ళు అడగడం సహజమే. ఆ ప్రశ్నకు సమాధానం వెతకడమే ఈనాటి ప్రసంగం.

ఈ ముక్కల బొమ్మకు మూలపురుషుడు ఒక వడ్రంగి. డెన్మార్క్ దేశంలో బిల్లుండ్ అనే చిన్న ఊళ్ళో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ 1932లో చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. అవి ఆర్థిక మాంద్యపు రోజులు. ఇళ్ళు కట్టించేవాళ్ళు తగ్గిపోయి వడ్రంగానికి గిరాకీ లేకపోవడంతో ఆయన బొమ్మల దారి పట్టాడు. తన సంస్థకు లెగో అని పేరు పెట్టాడు. అది "బాగా ఆడుకో" అనే అర్థమిచ్చే రెండు డేనిష్ మాటల కుదింపు. 1949లో అక్కడ ప్లాస్టిక్ ఇటుకలు తయారయ్యాయి. అంతకు ముందే ఇంగ్లండులో హిలరీ పేజ్ అనే ఆయన అలాంటి ఇటుకలు చేశాడు. వాటిని చూసే ఈ ఇటుకలు చేశారు. అయితే ఆ తొలి ఇటుకలకు పట్టు తక్కువ. కాస్త కదిలిస్తే విడిపోయేవి. 1958 జనవరి 28న ఓలె కుమారుడు గాట్‌ఫ్రెడ్ ఇటుక లోపల బోలు గొట్టాలు పెట్టే పద్ధతికి పేటెంటు కోరాడు. పైన బుడిపెలు, కింద గొట్టాలు. ఒకదాని బుడిపె మరొకదాని గొట్టానికీ గోడకీ మధ్య బిగిసి కూర్చుంటుంది. జిగురు అక్కరలేదు, మేకు అక్కరలేదు. పిల్లవాడు లాగితే మళ్ళీ ఊడివస్తుంది. 1962లో ఈ ఇటుకలకు చక్రాలూ వచ్చాయి. పందెం కారు పుట్టుక అక్కడ మొదలైందన్నమాట.

ఇందులోని అసలు గొప్పతనం కొలతలో ఉంది. ఒక బుడిపె మధ్య నుంచి పక్క బుడిపె మధ్యకు 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. 1958 నాటి ఇటుక తెచ్చి ఈనాటి ఇటుక మీద పెట్టినా బిగుస్తుంది. మరి ఇన్ని ముక్కలతో ఎన్ని రకాలు కట్టవచ్చు? ఎనిమిది బుడిపెల ఇటుకలు ఆరు, ఒకే రంగువి తీసుకుంటే, వాటిని కలపగల విధాలు 91,51,03,765 అని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలోని గణిత శాస్త్రవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటరుతో లెక్క తేల్చాడు. ఆరంటే ఆరు ముక్కలకే తొంభై ఒక్క కోట్ల పైచిలుకు!

ఇక కారు సంగతికి వద్దాం. ఈ రకం కార్లలో చిన్నవీ ఉన్నాయి, పెద్దవీ ఉన్నాయి. 2022లో వచ్చిన ఒక చిన్న పందెం కారులో ఉన్నవి 46 ముక్కలే. నాలుగేళ్ళు నిండిన పిల్లల కోసం చేసింది కాబట్టి కారు అడుగుభాగాన్ని ఒకే పెద్ద ముక్కగా ఇచ్చారు. ముందు రెక్క, వెనుక రెక్క, చక్రాలు, తలకు హెల్మెట్ పెట్టుకొన్న డ్రైవరు బొమ్మ, వీటిని ఒక్కొక్కటిగా కూర్చుకుంటూ పోవాలి. 2015 నుంచి నిజమైన కార్ల నమూనాలతో మరో వరస వస్తోంది. అందులో 2020లో వచ్చిన ఫెరారీ కారుకు 275 ముక్కలు. అది ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లల పని. చిన్నకారు పెద్దవాళ్ళ సాయంతో కాసేపట్లో అయిపోతుంది. పెద్దకారుకు ఒక ఆదివారం మధ్యాహ్నం పడుతుంది.

పందెం కారు రూపం ఎందుకు అలా ఉంటుందో ఈ బొమ్మ చెబుతుంది. అది నేలకు అంటుకొన్నంత కిందికి ఉంటుంది, మలుపులో పల్టీ కొట్టకుండా. వెనుక రెక్క విమానం రెక్కకు తలకిందులు. విమానం రెక్క గాలి సాయంతో పైకి లేపితే, కారు రెక్క అదే గాలితో కారును నేలకు అదిమిపెడుతుంది. ఈ మాట అంటుంటే మన జిల్లాలోని షోళవరం గుర్తుకు వస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే అది. యుద్ధం ముగిశాక విమానాలు పోయాయి, పందెం కార్లు వచ్చాయి. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఎన్నో ఏళ్ళు అక్కడ పందేలు జరిపింది. ఆ తరువాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అచ్చంగా పందేల కోసమే బాట వేశారు. 2005లో మన దేశం నుంచి మొదటిసారిగా ఫార్ములా వన్ పందెంలో దిగిన నారాయణ్ కార్తికేయన్ కోయంబత్తూరు వాడు. 2024లో చెన్నై నగరంలోనే ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట దీపాల వెలుగులో పందెం జరిగింది. అంతేకాదు, ఎన్నూరులో లారీలు, బస్సులు, ఆవడిలో యుద్ధ ట్యాంకులు తయారవుతాయి. తిరువళ్ళూరు దగ్గరి కర్మాగారంలో 1998 నుంచి కొంతకాలం లాన్సర్ కార్లు కూర్చారు. బండ్లు కొనడం ఒక్కటే కాదు, బండ్లు చేయడం కూడా తెలిసిన ప్రాంతం మనది. మన పిల్లవాడు 46 ముక్కలు వరసగా కూర్చడం, ఆ కర్మాగారాల్లో పెద్దలు చేసే పనికి అక్షరాభ్యాసం వంటిది.

ఇప్పుడు మనకు ముఖ్యమైన విషయం ఒకటి చెబుతాను. పెట్టెలో వచ్చే ఆ పుస్తకంలో మాటలు ఉండవు. ఏ భాష మాటలూ ఉండవు. బొమ్మలు, అంకెలు, బాణం గుర్తులు మాత్రమే. ఏ దేశంలోనైనా పనికిరావాలని అలా చేశారు. అయితే అది మనవంటివాళ్ళకు అనుకోని మేలు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. నాటి నుంచి మన ఇళ్ళల్లో తెలుగు, వీధిలో తమిళం. బడిలో తమిళమూ ఇంగ్లీషూ. మూడూ నేర్చిన పిల్లలు చురుకైనవాళ్ళే, సందేహం లేదు. కానీ అవ్వతో తెలుగులో గలగలా మాట్లాడే పిల్లవాడు తెలుగు అక్షరం చదవలేని ఇళ్ళు మన మధ్య ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంట్లో అక్షరంతో పనిలేకుండా తెలుగు వాడే అవకాశం ఈ పెట్టె ఇస్తోంది.

పుస్తకం పిల్లవాడి చేతిలో ఉంటుంది. ముక్కలు తాతగారి ముందు ఉంటాయి. "తాతా, నాలుగు బుడిపెల ఎర్రముక్క ఇవ్వు. అడ్డంగా కాదు, నిలువుగా. అంచున కాదు, నడిమధ్యన" అనాలంటే తెలుగు రావాలి. చక్రం బిగించేటప్పుడు ఇరుసు అనే మాట వస్తుంది. ఇరుసు వస్తే తాతగారికి ఎద్దులబండి జ్ఞాపకం వస్తుంది. చక్రానికి ఆకులు ఎందుకు ఉండేవో, చీల ఊడితే ఏమయ్యేదో, కాడి ఎక్కడ, నొగ ఎక్కడ, అన్నీ చెబుతాడు. ఎద్దులబండి కనుమరుగైనచోట ఆ మాటలు కూడా కనుమరుగవుతున్నాయి. వాటిని పిల్లల నోటికి అందించడానికి ఒక పందెం కారు సాయపడితే కాదనడం ఎందుకు? పుస్తకం ఇచ్చి, పిల్లవాణ్ణి ఒంటరిగా ఒక మూల కూర్చోబెడితే మాత్రం ఈ లాభం సున్న.

లోపాలు కూడా చెప్పుకోవాలి గదా. మొదటిది ధర. అంగట్లో దొరికే మామూలు ప్లాస్టిక్ కారుతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. రెండవది, ఇది నున్నని గచ్చు మీద తిరిగే కారు. మన వాకిట్లో మట్టిలో, ఇసుకలో సాగదు. మూడవది, ఒక్క ముక్క పోతే ఆ చోటు బోసిపోతుంది. నాలుగవది, చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడే ప్రమాదం. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఈ ముక్కలు నేలమీద వదలకూడదు. సుమారు అంగుళంపావు వెడల్పు గొట్టంలో పట్టే వస్తువేదైనా ఆ వయసు పిల్లలకు ప్రమాదమని గుర్తుంచుకోండి.

ఇటుక పేటెంటు గడువు ఏనాడో తీరిపోయింది కాబట్టి ఇతర కంపెనీలు కూడా ఇటువంటి ముక్కలు చేసి తక్కువ ధరకు అమ్ముతున్నాయి. అవి కొనడంలో తప్పు లేదు. అయితే 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ముద్ర చూసి కొనండి. వీలైతే రెండు ముక్కలు కలిపి చూడండి. తలకిందులు చేస్తే ఊడిపోకూడదు. పిల్లవాడు లాగితే ఊడిరావాలి. వాసన ఘాటుగా ఉన్నా, అంచులు చేతికి గీసుకుంటున్నా వద్దనండి.

అంత ఖర్చు పెట్టలేని తల్లిదండ్రులు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. కూర్చి చేయడం మనకు కొత్త విద్య కాదు. కొండపల్లి బొమ్మలో కాళ్ళు, చేతులు, తల తెల్లపొణికి కర్రతో విడివిడిగా చెక్కి, చింతగింజల పిండితో చేసిన మక్కుతో అతుకుతారు. ఎండాకాలంలో ముంజెలు తిన్నాక, ఆ తాటికాయలు రెండింటికి మధ్యలో పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ పరుగెత్తే బండి ఉందే, అది మాత్రం పందెం కారు కాదా? ఇరుసూ చక్రమూ అందులోనూ ఉన్నాయి. పైగా మట్టిబాటలో పెట్టెలో కారు కన్నా అదే ముందు పోతుంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పుట్టినరోజుకో పండుగకో ఒకసారి కొనగలిగితే చిన్న పెట్టె చాలు, పెద్దదాని కోసం పోటీ పడవద్దు. మొదటిసారి పుస్తకంలో ఉన్నట్టు కట్టనివ్వండి. రెండవసారి పుస్తకం దాచిపెట్టి, అవే ముక్కలతో తనకు తోచిన బండి కట్టమనండి. ఆ బండికి ఏమి పేరో, ఏ ముక్క ఎందుకు పెట్టాడో తెలుగులో చెప్పించుకోండి. విసుక్కోకుండా వినండి. కారు కొన్న డబ్బుకు ప్రతిఫలం ఆ మాటల్లోనే ఉంది.